కుంటలోంచి ఎక్కొచ్చిన సాకేత్

బాలసుబ్రహ్మణ్యం సారుకు పిల్లల్లేరు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే "ఎందుకు లేరప్పా, బడి నిండా నా పిల్లోళ్లే గదా" అని ముందు ఆయనే నవ్వేసేవాడు. భార్య గౌరి ఆ నవ్వులో కలిసేది కాదు. పాతికేళ్లుగా అదే మాట విని విని ఆమెకు విసుగెత్తిపోయింది.

ఆయన పుట్టింది జమ్మలమడుగులో, పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో. తండ్రి మంత్రాలు నేర్పాలని కూర్చోబెడితే కొడుకు పెన్నలో ఈత కొట్టడానికి పారిపోయేవాడు. చివరికి మంత్రాలూ పూర్తిగా రాలేదు, పెన్నలో నీళ్లూ నిలవలేదు. తెలుగు పండితుడి ఉద్యోగం మాత్రం వచ్చింది. పులివెందులలో అద్దె ఇల్లు తీసుకున్నాడు. రోజూ పొద్దున బస్సెక్కి సింహాద్రిపురం వైపున్న ఒక పల్లెటూరి హైస్కూలుకు పోయి వచ్చేవాడు. మరో ఊరికి పోవాలని ఆయనా అడగలేదు, పంపాలని పైవాళ్లకూ తోచలేదు.

ఆయనకు ఒక్కటే పిచ్చి, పిల్లల కథలు రాయడం. ఆ కథల్లో కాకులు నీతులు చెప్పేవి. నక్కలు ఆఖరి పేరాకు వచ్చేసరికి బుద్ధి తెచ్చుకునేవి. ప్రొద్దుటూరులో ప్రెస్సు నడిపే తెలిసినాయన చేత అలాంటివి రెండు చిన్న పుస్తకాలు వేయించాడు. పెళ్లిళ్లకు పోయినప్పుడు కానుక కింద వాటినే చేతిలో పెట్టేవాడు. తీసుకున్నవాళ్ల మొహాలు చూడాల్సిందే. ఒకాయనైతే కవరు ఉందేమోనని పేజీలన్నీ దులిపి చూశాడు.

ఆ కథల్ని మొహమాటం లేకుండా విమర్శించినవాడు ఒక్కడే. వాడు ఏడో తరగతి సాకేత్, చీనీతోట ఓబులరెడ్డి ఒక్కగానొక్క కొడుకు.

"మీ కాకి మా ఊరి కాకి మాదిరి లేదు సార్" అన్నాడు వాడు, సారు కథ చదివి ముగించగానే క్లాసులో అందరూ చప్పట్లు కొడుతుండగా. "మా కాకులు ఎవురికీ ఏమీ చెప్పవు. కోడిపిల్లల్ని ఎత్తకపోతాయి, అంతే."

క్లాసంతా గొల్లుమంది. సారుకు మొహం మాడిపోయింది. ఆ పూటంతా సాకేత్ వైపు చూడలేదు. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ మాట గుర్తొచ్చి ఒక్కడే పగలబడి నవ్వాడు. ఆ మరుసటి రోజు నుంచి కొత్తగా ఏం రాసినా ముందు వాడికే వినిపించేవాడు. వాడితోపాటు మున్వర్ కూడా ఉండేవాడు. మున్వర్ తల్లి హజరాబీ తోటల్లో చీనీకాయలు, అదే బత్తాయిలు, కోసే పనికి పోయేది. తండ్రి లేడు. సాకేత్ ఎంత వాగుడుకాయో మున్వర్ అంత మౌనం. సాకేత్ బాగుందంటే తల ఊపేవాడు, బాగలేదన్నా ఊపేవాడు.

"మా కథ రాయండి సార్" అన్నాడు సాకేత్ ఒకరోజు. "నన్నూ వీన్నీ పెట్టి. మేము చీనీకాయలు దొంగతనం చేసేది."

"మీ తోటలో మీరే దొంగతనం చేసేది ఏందిరా?"

"చెప్పకుండా తింటే దొంగతనమే గదా సార్. పేర్లు మాత్రం మావే ఉండల్ల."

బాలసుబ్రహ్మణ్యం సారు జీవితంలో మొదటిసారి కాకులూ నక్కలూ లేని కథ మొదలుపెట్టాడు. "చీనీతోట దొంగలు" అని పేరు పెట్టాడు. పన్నెండేళ్ల పిల్లలు చదువుకునేంత పెద్ద కథ. రాసింది రాసినట్టు ఆ ఇద్దరికీ చదివి వినిపిస్తుంటే సాకేత్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తాను రాసింది విని ఒక పిల్లవాడు అట్లా నవ్వడం ఆయన అంతకుముందు చూడలేదు. ఇంటికి పోయి గౌరితో చెప్పుకుని మురిసిపోయేవాడు.

పుస్తకం సగంలో ఉండగా సాకేత్ చనిపోయాడు.

ఆ వైపు చీనీతోటల్లో కుంటలుంటాయి. బోరు నీళ్లు ఇంకిపోకుండా పెద్ద గుంత తవ్వి, అడుగుకూ నాలుగు వైపుల వాలుకూ నల్లటి ప్లాస్టిక్ పట్ట పరుస్తారు. కొన్నాళ్లకు దానికి నాచు పట్టి సబ్బు రాసినట్టు తయారవుతుంది. మార్చి నెలలో ఒంటిపూట బడులు మొదలయ్యాక, మధ్యాహ్నం ఎండకు తాళలేక పిల్లలిద్దరూ ఓబులరెడ్డి కుంట దగ్గరికి పోయారు. సాకేత్ జారి నీళ్లలో పడ్డాడు. ఇద్దరికీ ఈత రాదు. మున్వర్ రోడ్డు మీదికి ఉరికి, పోయే ట్రాక్టరును ఆపి మనుషుల్ని పిలుచుకొచ్చేసరికి కుంటలో అలికిడి లేదు.

ఊరికి తెలిసింది ఇంతే. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ అంతు పట్టలేదు. ఆ మధ్యాహ్నం ఓబులరెడ్డి కుంటకు దగ్గర్లోనే, మోటారు షెడ్డులో పైపులు సరిచేసుకుంటున్నాడు. మోటారు చప్పుడులో ఆయనకేమీ వినపడలేదు గానీ, వాకిట్లోకి పోయి ఒక్క కేక వేస్తే చాలు. మున్వర్ ఆ షెడ్డు పక్కనుంచే రోడ్డుకు ఉరికాడు. ఆయన్ను పిలవలేదు. భయంతో పిల్లాడికి దిక్కు తోచలేదన్నారు పెద్దవాళ్లు. ఓబులరెడ్డీ అదే అనుకున్నాడు. ఎందుకలా చేశావని మున్వర్‌ను ఎవరూ అడగలేదు. సారు కూడా అడగలేదు. అడిగితే వాడి మనసు నొచ్చుకుంటుందని అందరూ కూడబలుక్కున్నట్టు ఊరుకున్నారు.

చాలా నెలలు ఆయన ఆ కాగితాల జోలికి పోలేదు. తర్వాత కూర్చుని పూర్తి చేశాడు. జరిగింది జరిగినట్టు రాశాడు, కుంటతో సహా. పిల్లల పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థకు విజయవాడకు పంపాడు. అక్కడ పుస్తకాలు చూసే అనఘ అనే అమ్మాయి ఫోను చేసింది.

"చదివి ఏడ్చాను మాస్టారూ. ఇంత మంచి పుస్తకం ఈ మధ్య మా దగ్గరికి రాలేదు. కానీ చదివేది పిల్లలు కదండీ. చివర్లో పిల్లవాడు చనిపోతే ఏ తల్లి కొనిస్తుంది? ఏ స్కూలు లైబ్రరీలో పెట్టుకుంటుంది? ఆ స్నేహితుడే ధైర్యం చేసి దూకి కాపాడాడనుకోండి. పిల్లలకు కాస్త ఆశ మిగలాలి."

"జరిగింది అది గాదమ్మా."

"కథే కదా మాస్టారూ."

ఆయన ముభావంగా ఫోను పెట్టేశాడు. మార్చనని గౌరి దగ్గర శపథం చేశాడు. ఆదివారం స్నానం చేసి, సంధ్య వార్చుకుని, వసారాలో కూర్చుని మార్చేశాడు.

ఇక్కడ ఆయన్ను తిట్టబుద్ధి కాదు. అనఘను అంతకన్నా తిట్టబుద్ధి కాదు, ఆమె తన పని చేసింది. పోయిన పిల్లాణ్ణి నీళ్లలోంచి పైకి తెచ్చుకునే దారి కాగితం మీద కనపడితే, అందులోనూ పిల్లల్లేని మనిషికి కనపడితే, ఎవరు వదులుకుంటారు? ఆయన రాసిన దాంట్లో మున్వర్ కుంటలోకి దూకి, సాకేత్ జుట్టు పట్టుకుని గట్టు దాకా లాక్కొచ్చి, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పైకి ఎక్కేస్తారు. ఆయనకు తెలిసిన నీళ్లు పెన్న నీళ్లు. పెన్నలో ఒడ్డుకు చేరితే కాళ్ల కింద ఇసుక తగులుతుంది, లేచి నడిచి వచ్చేయొచ్చు. నల్ల పట్ట మీద ఆయన బతుకులో ఏనాడూ కాలు పెట్టి ఎరగడు.

గౌరి కాఫీ తెచ్చేసరికి ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఎక్కొచ్చినాడే గౌరీ."

"ఎవరు?"

"సాకేతు."

ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. "ఓబులరెడ్డికి చెప్పినారా ఇట్ల రాస్తాండామని? మున్వర్‌ను అడిగినారా?" అంది.

"పుస్తకం వచ్చినాక ఇస్తా. చూసి సంతోషపడతారు."

గౌరి ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేదని తర్వాత ఆమె చాలాసార్లు అనుకుంది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద పచ్చటి చీనీచెట్లు, రెండు కొమ్మల మీద ఇద్దరు పిల్లలు. లోపల మొదటి పేజీలో "సాకేత్‌కు ప్రేమతో" అని అంకితం. పత్రికల్లో సమీక్షలు వచ్చాయి. పల్లె పిల్లల గురించి, పల్లె పిల్లల భాషలో, ఈ మధ్య ఇంత చక్కటి పుస్తకం రాలేదని రాశారు. జన్మలో తన పేరు పత్రికలో చూసుకోని మనిషి ఆ కత్తిరింపులు జేబులో పెట్టుకుని తిరిగాడు.

ఆవిష్కరణ సభ ప్రొద్దుటూరులో, వర్తక సంఘం వాళ్ల మేడ మీది హాల్లో పెట్టారు. మన సభల్లో తొలి ప్రతి అందుకోవడమని ఒక మర్యాద ఉంది గదా. మామూలుగా ఊళ్లో పెద్దమనిషినెవరినో పిలిచి శాలువా కప్పి ఆ ప్రతి చేతికిస్తారు. బాలసుబ్రహ్మణ్యం సారుకు అది మున్వర్ చేతికే ఇవ్వాలనిపించింది. ఆ పిల్లాడి గుండెల్లో బరువు దిగుతుందని మనసారా నమ్మాడు. తల్లీకొడుకుల్ని తానే వెంటబెట్టుకుని బస్సులో తీసుకొచ్చాడు. ఓబులరెడ్డికి కార్డు పంపాడు గానీ ఆయన రాలేదు.

మున్వర్ అప్పటికి తొమ్మిదో తరగతి. కొత్త చొక్కా మీద వాడికి పెద్దవాళ్ల శాలువా కప్పితే మోకాళ్ల దాకా వేలాడింది. మాట్లాడడానికి వచ్చిన రిటైరైన లెక్చరరు ఒకాయన వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

"కథలో మనల్ని కన్నీళ్లు పెట్టించిన ఆ సాహస బాలుడు ఎవరో కాదు, ఇదిగో, మన కళ్ల ముందే ఉన్నాడు! ప్రాణాలకు తెగించి మిత్రుణ్ణి కాపాడిన చేయి ఇది!"

హాలు చప్పట్లతో మార్మోగింది. పాపం, ఆ లెక్చరరుకు అసలు సంగతి తెలియదు. తెలిసిన మనిషి పక్క కుర్చీలోనే ఉన్నాడు. లేచి, "అయ్యా, అది కథ, జరిగింది వేరు" అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. మెడలో పూలదండ వేసి కూర్చోబెట్టిన మనిషికి నోరు పెగల్లేదు. జనం ఆనందాన్ని చెడగొట్టడం ఎందుకులే అనుకున్నాడు. మున్వర్ ఎత్తిన చెయ్యి దించకుండా, ఎవరు దించమంటారా అని చూస్తున్నట్టు అలాగే నిలబడ్డాడు.

తిరుగు బస్సులో వాడు పుస్తకం తెరిచాడు. ముద్దనూరు దాటేసరికి ఆఖరి పేజీకొచ్చి మూసేశాడు. ముందు సీటులోంచి సారు వెనక్కి తిరిగి "బాగుందా అప్పా?" అని అడిగాడు. మున్వర్ ఎప్పటిలాగే తల ఊపాడు.

బడిలో ఆ పుస్తకానికి ఎగబడ్డారు. తమ బడి, తమ తోటలు, తమ సారు రాసింది. చేతులు మారి మారి అట్ట నలిగిపోయింది. చదివిన చిన్న పిల్లలు వచ్చి మున్వర్‌ను చుట్టుకునేవాళ్లు. నిజం తెలిసిన పెద్ద పిల్లలు వేరే ప్రశ్న అడిగేవాళ్లు. "పుస్తకంలో దూకితివి గదరా, నిజంగా ఏమిటికి దూకలే?" వాళ్లకు దుర్బుద్ధేమీ లేదు. ఆ వయసులో అనుమానం వస్తే అడిగేస్తారు, అంతే. బాలల దినోత్సవానికి ఆ కథనే నాటకం వేద్దామని హెడ్మాస్టరు అన్నాడు. మున్వర్ వేషం మున్వరే వెయ్యాలని అందరూ పట్టుబట్టారు. ఆ మరుసటి రోజు నుంచి వాడు బడికి రాలేదు.

జ్వరమేమో అనుకున్నాడు సారు. ఆదివారం పొద్దున హజరాబీ పులివెందులకు, ఆయన ఇంటికే వచ్చింది. గౌరి కూర్చోమంటే కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి మాట్లాడింది.

"సార్, మీకు పున్నెముంటుంది, మీ పుస్తకం మీరు తీసుకోండి" అని సంచిలోంచి తీసి గడప మీద పెట్టింది.

"ఏమైంది హజరాబీ?"

"ఏమైందా? పిల్లోడు అన్నం తినడంల్యా, నిద్ర పోడంల్యా. దినాం ఆ కుంట కాడికి పోయి కూర్చుంటాండాడు. నేను పనికి పోయేది, వాడు ఆడికి పోయేది. ఏందిరా బేటా అంటే, 'అమ్మీ, నేను దూకింటే సాకేతు బతికేవాడంట, పుస్తకంలో ఉండాది' అంటాడు. ఈత నేర్పియ్యమంటాడు. నిన్న ప్యాంటు తడుపుకోని వచ్చినాడు సార్, మోకాళ్ల దాకా. దిగి చూసినాడంట." ఆమె గడప మీది పుస్తకం వైపు చూసింది. "మర్సిపోతాండె సార్ వాడు. మెల్లగా మర్సిపోతాండె. మీరే మల్ల లేపితిరి. సదువుకున్నోళ్లు, నాకేం తెలుసు, మంచికేనేమో అనుకుంటి. నాకు ఉండేది వాడొక్కడే."

బాలసుబ్రహ్మణ్యం సారు చొక్కా తగిలించుకుని ఆమె వెంటే బస్సెక్కాడు. ఊళ్లో దిగాక ఇంట్లో చూశారు, మున్వర్ లేడు. హజరాబీ చుట్టుపక్కల వెతకడానికి పోయింది. సారు తోట దారి పట్టాడు.

కుంట చుట్టూ ఓబులరెడ్డి ముళ్లకంప వేయించాడు. కొడుకును మింగిన కుంటను పూడ్చేయాలనే అనుకున్నాడట, కానీ ఆ నీళ్లు లేకపోతే తోటంతా ఎండిపోతుంది. కంప ఒకచోట పక్కకు జరిపి ఉంది. ఆ సందులోంచి చూస్తే గట్టు మీద మున్వర్ కూర్చుని ఉన్నాడు. కొంచెం ఎడంగా, పార ఆనించుకుని ఓబులరెడ్డి నిలబడి ఉన్నాడు. పిల్లాణ్ణి పొమ్మనలేక, విడిచి పనికి పోలేక కాపలా ఉన్నాడని చూడగానే తెలిసిపోతుంది.

"రా సార్" అన్నాడు ఓబులరెడ్డి. "నా కొడుకును బతికించినావంట గదా. సదివినోళ్లంతా చెప్తాండారు. యాడుండాడు, చూపియ్యి."

కోపంగా అనలేదు. తప్పిపోయిన ఎద్దు జాడ అడిగినట్టు అడిగాడు. ఎన్నో ఏళ్లు పిల్లల ముందు గలగలా మాట్లాడిన మనిషి, తలకాయ దించుకుని మున్వర్ పక్కన పోయి కూర్చున్నాడు.

ముందు మున్వరే అడిగాడు. "సార్, నేను దూకింటే వాడు బతికేవాడా?"

"లేదప్పా."

"పుస్తకంలో బతికినాడు గదా."

"అది నేను రాసింది."

"ఊరికే రాయరు గదా సార్. మీకు తెలిసే రాసింటారు." మున్వర్ కుంట వైపే చూస్తున్నాడు. "నిన్న కొంచెం దిగి చూసినా. కాలు జారింది, గట్టు మీది కంప పట్టుకోని ఎక్కినా. లోపల దాకా పోయి చూడల్ల. ఎక్కను అయితాదో లేదో తెలుస్తాది గదా."

నువ్వు దిగొద్దు అని చెబితే వాడు వినే స్థితిలో లేడు. కథ అబద్ధమని చెబితే నమ్మే స్థితిలోనూ లేడు, అచ్చులో ఉన్నదాన్ని నమ్మాలని వాడికి నేర్పింది సారే. లేచి చొక్కా విప్పాడు.

"ఓబులరెడ్డీ, తాడుందా?"

ఓబులరెడ్డి ఆయన్ను కిందా మీదా చూశాడు. ఏం చేయబోతున్నాడో అర్థమైంది కాబోలు, మారు మాట్లాడకుండా షెడ్డులోంచి పొడుగాటి తాడు తెచ్చాడు. ఒక కొస గట్టు మీది ఇనుప స్తంభానికి కట్టాడు. రెండో కొస సారు నడుముకు తానే బిగించి ముడి వేసి, మధ్యలో తాడు చేత పట్టుకుని నిలబడ్డాడు.

"మున్వర్, నాకు ఈత వచ్చు. చిన్నప్పటి నుంచీ వచ్చు" అన్నాడు సారు. "నీ మాదిరి పిల్లోన్ని గాదు, పెద్దోన్ని. చూడు."

పట్ట మీద రెండో అడుగు వేసేలోపే కాళ్లు ఎగిరిపోయి నీళ్లలో పడ్డాడు. తేలి, మధ్య దాకా ఈదాడు, బాగానే ఈదాడు. వెనక్కి తిరిగి గట్టుకొచ్చి చేతులు ఆనించాడు. చేతులు జారిపోయాయి. మోకాలు మోపాడు, అదీ జారింది. వేళ్లతో గీరితే పట్టకు గోరు కూడా దిగలేదు. ఒక అడుగు పైకి పాకడం, గెడ్డం పట్టకు కొట్టుకుని మళ్లీ నీళ్లలో మునగడం. పక్కకు పోయి ప్రయత్నించాడు, మూలకు పోయి ప్రయత్నించాడు. చూపించడానికని దిగినవాడు కాసేపటికి నిజంగానే ఎక్కడానికి పాట్లు పడుతున్నాడు. ముక్కులోకి నీళ్లు పోయి, జంధ్యం మెడకు చుట్టుకుని, రొప్పుతూ తాడు పట్టుకుని వేలాడాడు. భయం వేసింది. తాడు ఉన్నా భయం వేసింది. ఆ పిల్లాడు ఇక్కడ, ఈ నల్ల పట్ట మీద, చేతులకు ఏమీ అందక ఎంత కొట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. రెండుసార్లు రాశాడు ఆ ఘట్టాన్ని. ఆయనకు రెండుసార్లూ తెలియలేదు.

"ఎక్కండి సార్" అన్నాడు మున్వర్, గట్టు మీద లేచి నిలబడి.

"ఎక్కలేనప్పా."

"పుస్తకంలో నేను ఎక్కినా గదా?"

"నేను ఎక్కించినా. ఎవురూ ఎక్కలేరు దీంట్లోంచి. నువ్వు దూకింటే ఇద్దురూ పోయింటారు. ఒట్టప్పా."

మున్వర్‌కు ఏడుపు వస్తున్నదేమో అనుకున్నారు ఇద్దరూ. ఏడవలేదు. మాట్లాడాడు. ఆ పిల్లాడు అన్ని మాటలు వరసగా మాట్లాడడం అదే మొదలు.

"మొదట నగినాడు సార్ వాడు. జారి పడినాక, 'పడితి రోయ్' అని నగినాడు. నేనూ నగినా. మల్ల రెండుసార్లు ఎక్కబోయి జారినాడు. మీ నాయనను పిలుస్తా రా అంటి. 'వద్దురా, మా నాయనకు చెప్పొద్దు, తెలిస్తే సంపుతాడు' అన్నాడు. వాడే ఎక్కొస్తాడులే అని నిలబడుకున్యా. మల్ల నగలేదు. చెయ్యి ఇయ్యిరా అన్నాడు. నేను వొంగినా గానీ అందలే. అప్పుడు ఉరికినా."

ఓబులరెడ్డి చేతిలో తాడు వదులైంది. సారు గెడ్డం దాకా నీళ్లలోకి దిగిపోయాడు.

"నేను ఆ షెడ్డులోనే ఉంటిని గదరా" అన్నాడు ఓబులరెడ్డి.

"తెలుసు మామా."

"తెలిసీ రోడ్డు మీదికి ఉరికితివా?"

"నీకు చెప్పొద్దన్నాడు గదా మామా. ఎవురన్నా వేరేవాళ్లను పిలుచుకొస్తే నీకు తెలియకుండా ఎక్కించొచ్చు అనుకుంటి."

ఓబులరెడ్డి గట్టు మీద కూలబడ్డాడు. సాకేత్ చనిపోవడానికి ముందు సంవత్సరం, ఇదే కుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నందుకు, డ్రిప్పు పైపు ముక్కతో కొడుకు వీపు మీద వాతలు తేలేలా కొట్టాడు. వాడి మంచికే కొట్టాడు. కుంట అంటే భయపడాలని కొట్టాడు. ఆ సంగతి గట్టు మీదున్న ఇద్దరికీ తెలుసు. నీళ్లలో ఉన్న మనిషికి కూడా తెలుసు, మరుసటి రోజు బడిలో ఆ వాతలు చూసి, "చెప్పిన మాట వినకపోతే అంతేరా" అని ఆయనే అన్నాడు.

కంప అవతల హజరాబీ గొంతు వినపడింది, కొడుకును పిలుస్తూ దగ్గరికొస్తోంది. ఓబులరెడ్డి తల ఎత్తాడు.

"పో రా" అన్నాడు మున్వర్‌తో. "మీ అమ్మ ఎదుక్కుంటాంది. నువ్వేం తప్పు చెయ్యలే. వాడు చెప్పిన మాట నిలబెట్టుకుంటివి. తప్పు నాది. ఇంగ ఈడికి రావద్దు."

మున్వర్ కదల్లేదు. నీళ్లలో ఉన్న సారునే చూస్తూ, ఓబులరెడ్డి వెనక చేరి తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగుతుంటే ఆయన పట్ట మీద బోర్లా, కొద్దికొద్దిగా పైకి వచ్చాడు. గట్టు అంచుకు చేరాక ఓబులరెడ్డి వంగి ఆయన చంకల కింద చేతులు వేసి, మొహంలో మొహం పెట్టి అన్నాడు.

"పిల్లోళ్లకు గదా సార్ నువ్వు రాసేది. నాయనకు చెప్పొచ్చని రాయి."